కమ్మరి ఇంటికి పిల్లనిస్తే ఎలా ఉంటుంది? ఆ ఇంట్లో పుట్టిన మనిషిగా నా జవాబు

చిన్న పట్టణంలో కొలిమి నడుపుకునే ఇంటి నుంచి మీ చెల్లికి సంబంధం వచ్చిందని, మీది అవుసుల పని, అంటే బంగారం పని కాబట్టి ఆ ఇంటి తీరు తెలియదని రాశారు. ఆ పనితో ఇల్లు గడుస్తుందా, పిల్ల సుఖపడుతుందా అని మీ టెన్షన్. నేను కరీంనగర్ వైపు ఒక చిన్న పట్టణంలో కమ్మరి ఇంట్లోనే పుట్టాను. పెళ్లయ్యేదాకా మా కొలిమికి గాలి పంకా తిప్పింది నేనే. తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

ఇల్లు గడుస్తుంది. అయితే ముందు ఒక సంగతి పట్టించుకోండి. బోర్డు మీద, జనం నోట్లో కమ్మరి అంటే ఒక్క మగమనిషి. కొలిమి దగ్గర మాత్రం ఆ పని ఒక్కడి వల్ల కాదు. బాపు ఎడమ చేతిలో పట్టకారు, కుడి చేతిలో చిన్న సుత్తి ఉండేవి. ఎదురుగా అమ్మ, రెండు చేతులా సమ్మెట. బాపు సుత్తి ఎక్కడ తగిలితే అమ్మ సమ్మెట సరిగ్గా అక్కడే పడాలి. ఆ చప్పుడులో మాటలు వినపడవు. సుత్తి పక్కకు జారి, కింద ఇనుము పెట్టి కొట్టే దిమ్మె, అదే దాగలి, మీద టింగుమంటే ఇక ఆపమని అర్థం. ఇనుము రంగు దిగేలోపు ఎన్ని దెబ్బలు పడితే అంత పని. రంగు దిగాక కొడితే సాగదు సరికదా, పగులు పడుతుంది. మళ్లీ కాల్చాలంటే మళ్లీ బొగ్గు ఖర్చు. ఆ కాలే మధ్యలోనే అమ్మ లోపలికి వెళ్లి అన్నం వార్చి వచ్చేది. ఎవరైనా "నువ్వేం చేస్తవు వదినా?" అని అడిగితే "ఇంట్లనే ఉంట" అనేది. రేషన్ కార్డులోనూ గృహిణి అనే ఉంది.

మీరు చూడటానికి వెళ్తే కొలిమి పాక చీకటిగా, మసిపట్టి కనిపిస్తుంది. శుభ్రత లేదనుకోకండి. ఎండ వెలుతురులో కాలిన ఇనుము రంగు సరిగ్గా తెలియదు, పనంతా ఆ రంగు మీదే ఆధారపడి ఉంటుంది. కత్తులకు, కొడవళ్లకు మావాళ్లు ఎక్కువగా వాడేది పాత లారీ కమాను పట్టీలు. పట్టీ ముక్కను సాగగొట్టి, రూపం వచ్చాక ఎర్రగా కాల్చి ముంచుతారు. కమాను పట్టీకి నీళ్లకంటే నూనె నయం, నీళ్లలో ఒక్కోసారి చిట్లుతుంది. ముంచగానే గట్టిపడుతుంది గానీ పెళుసుగా ఉంటుంది, రాయి తగిలితే అంచు లేచిపోతుంది. అందుకని అంచును రాతి మీద తెల్లగా రుద్ది, మెల్లగా మళ్లీ వేడి తగలనిస్తారు. అప్పుడు ఆ తెలుపు మీద రంగులు పాకుతాయి. ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం. పసుపు 220, 230 డిగ్రీల దగ్గర వస్తుంది, నీలం 300 దగ్గర. మా ఇంట్లో థర్మామీటరు జ్వరానికి కూడా లేదు, అంతా కంటి లెక్కే. గొడ్డలి దెబ్బ తట్టుకోవాలి కాబట్టి రంగును కొంచెం ముందుకు పోనిస్తారు. కల్లు కోసం తాటిచెట్లు గీసే కత్తిని పసుపు దగ్గరే ఆపేయాలి.

ఆ గీత కత్తులు చేయించుకునే గౌడన్నలంత కచ్చితమైన గిరాకీ ఇంకెవరూ లేరు. ఒకాయన అంచును గోరు మీద ఆనించి, జారితే మాట్లాడకుండా కత్తిని మళ్లీ దాగలి మీద పెట్టేవాడు. బాపు మొహం చిన్నబుచ్చుకుంటే "మామా, ఇది చెట్టు మీద పనిజెయ్యాలె, కింద చూసి మురిసెటందుకు కాదు" అనేవాడు. బాపు గొణుక్కుంటూనే మళ్లీ చేసేవాడు.

ఇక డబ్బు సంగతి. మా తాత కాలంలో రైతులు పంట మీద ఏడాదికోసారి మేర, అంటే పనికి బదులు ధాన్యం, కొలిచేవాళ్లు. నాగలి కర్రులు, గుంటుక పాసలు, కొడవళ్లకు కక్కులు (పళ్లు), అన్నీ దాని కిందే. వానాకాలం పంట మొదలయ్యే ముందు కొలిమి దగ్గర జాతరలా ఉండేదట. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే రోజైతే వడ్లాయన (వడ్రంగి), మా తాత కలిసే చేసేవాళ్లు. పట్టాను పిడకల మంటలో కాల్చి, వేడికి సాగినప్పుడు చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే బిగుసుకుపోతుంది. ట్రాక్టర్లతో కర్రులు, బండ్లు పోయాయి. వరికోత మెషీన్లతో కొడవళ్లు తగ్గాయి. పారలు, గొడ్డళ్లు కంపెనీవి వచ్చి హార్డ్‌వేర్ షాపుల్లో వేలాడుతున్నాయి. ఇప్పటికీ మిగిలినవి గీత కత్తులు, మాంసం దుకాణాల కత్తులు, గడ్డపార మొనలు సాగదీయడం, మేస్త్రీల ఉలులకు పదును పెట్టడం. వీటికి తోడు వెల్డింగ్ మెషీను పెట్టుకుని గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసేవాళ్లు నిలదొక్కుకున్నారు. కొలిమి ఒక్కటే నమ్ముకున్నవాళ్లకు ఇబ్బందే, అది దాచను.

మా ఘనత గురించి ఫోన్లలో తిరిగే మెసేజులు మీరూ చూసే ఉంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవారన్నది నిజమే. ఆ మెసేజ్ వచ్చినప్పుడల్లా మా చిన్నాన్న అందరికీ ఫార్వర్డ్ చేస్తాడు. బొగ్గు మూటకు డబ్బులు మాత్రం మేమే వెతుక్కోవాలి.

పనికొచ్చే విషయం పీఎం విశ్వకర్మ పథకం. 2023 సెప్టెంబర్ 17న మొదలైంది, అందులోని 18 వృత్తుల్లో కమ్మరి పని ఒకటి. శిక్షణ తీసుకున్నన్ని రోజులు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, పూచీకత్తు లేకుండా మొదట లక్ష దాకా అప్పు, అది తీర్చాక 2 లక్షల దాకా, వడ్డీ 5 శాతం. అయితే కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. ప్రభుత్వ ఉద్యోగి ఉన్న కుటుంబానికి వర్తించదు. ఒక్కరికే అనగానే ఇంట్లోవాళ్లు ఆలోచించకుండా మగవాడి పేరు రాయిస్తారు. ఆడవాళ్లు రాయించుకోకూడదని అందులో ఎక్కడా లేదు. సమ్మెట కొట్టినన్నాళ్లు కొట్టిన మనిషికి ఒక కాగితం మీదన్నా పేరుంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

ఒంటి సంగతి కూడా చెప్పాలి. బాపుకు చెవులు సరిగ్గా వినపడవు, టీవీ సౌండ్ పక్కింటివాళ్లకు కూడా వినపడేంత పెడతాడు. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. అమ్మకు కుడి భుజం పైకి లేవదు, జడ వేయడానికి కోడలిని పిలుస్తుంది. కళ్లద్దాలు, చెవులకు దూది లాంటివి పెట్టుకోమంటే ఇద్దరూ నవ్వేవాళ్లు. ఇప్పటి కుర్రాళ్లు కొంత నయం, వెల్డింగ్ వల్ల కనీసం అద్దాలు అలవాటయ్యాయి.

మరి మంచి ఏమీ లేదా అంటే ఉంది. మా ఇంట్లో ఎవరికీ ఒకరి చేతి కింద పనిచేస్తున్నామన్న బాధ లేదు. బాపు రోజంతా ఇంటి ముందే ఉండేవాడు, బడి నుంచి రాగానే కనిపించేవాడు. అమ్మకు, బాపుకు మాటల్లో పడకపోయినా దాగలి దగ్గర ఒక్క దెబ్బ తప్పేది కాదు. పొద్దున గొడవపడి, మధ్యాహ్నానికి పని పూర్తిచేసి, సాయంత్రం మళ్లీ గొడవ మొదలుపెట్టిన రోజులు బోలెడు.

మీరు ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఆస్తి, కట్నం మాటలు ఎలాగూ పెద్దవాళ్లు మాట్లాడతారు. మీరు మాత్రం సమ్మెట ఎవరు కొడుతున్నారో అడగండి. పవర్ హ్యామర్ ఉంటే కోడలి భుజానికి ఆ బరువు ఉండదు. లేకపోతే, ఇప్పుడు అత్తగారు కొడుతుంటే, రేపు మీ చెల్లి కొట్టాలని వాళ్లు అనుకుంటున్నారేమో మొహమాటపడకుండా తేల్చుకోండి. ఆమెకు ఇష్టమైతే తప్పేమీ లేదు, కాకపోతే వచ్చిన డబ్బులో ఆమె చేతికెంత అన్నది కూడా అప్పుడే మాట్లాడాలి. పాక సొంత జాగాలో ఉందా, రోడ్డు పక్కన ఉందా చూడండి. రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేది కొలిములే. వీలైతే చెల్లిని కూడా వెంట తీసుకెళ్లండి, పని నడిచే పూట వెళ్లండి. అమావాస్య నాడు మాత్రం వద్దు. మా ఇంట్లోలాగే వాళ్లూ ఆ రోజు కొలిమి ముట్టించకపోతే మీకు ఏమీ తెలియదు.