ఎడమ కార్బ్యురేటర్ కారుతోంది, కుడి ప్లగ్గు తెల్లబడింది

ప్రశ్న: ఆరేళ్లుగా మూలనపడి ఉన్న మా నాన్నగారి 1986 నాటి రాజ్‌దూత్ 350ని పోయిన నెల బయటికి తీశాను. రెండు కార్బ్యురేటర్లనూ పూర్తిగా విప్పి, ఒకే స్టీలు పళ్లెంలో పెట్రోలు పోసి కడిగి బిగించాను. స్టార్టయింది. కానీ ట్యాంకు కింది పెట్రోలు కాక్ తెరిస్తే చాలు, ఎడమ కార్బ్యురేటర్ ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు ధార కడుతోంది. కార్బ్యురేటర్ అడుగున పెట్రోలు నిలిచే కప్పు మీద స్క్రూడ్రైవర్ పిడితో తట్టాను, పెట్రోలు దారిని మూసే నీడిల్ కొత్తది వేశాను, కప్పులో తేలుతూ ఆ నీడిల్‌ను నెట్టే ఫ్లోట్ నాలుక కూడా వంచి చూశాను. ఆగలేదు. కుడివైపు బాగానే ఉంది. ఎడమ ప్లగ్గు నల్లగా తడిసిపోతుంటే, కుడిది తెల్లగా, శుభ్రంగా ఉంటోంది. నాన్నగారిని ఎక్కించుకుని ఊళ్లో ఒక రౌండు వేయాలని కోరిక. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కుడివైపు బాగానే ఉందన్నారు చూడండి, నాకు భయం అక్కడే. కారే పెట్రోలు కంటికి కనిపిస్తుంది, కాక్ కట్టేస్తే ఆగుతుంది. తెల్లబడ్డ ప్లగ్గు అలా కాదు. ఆ సిలిండరుకు పెట్రోలు చాలడం లేదని దాని అర్థం. టూ స్ట్రోక్ బండిని ఆ స్థితిలో నాలుగు కిలోమీటర్లు గట్టిగా తోలితే వేడికి పిస్టన్ పట్టేస్తుంది. కాబట్టి రౌండు సంగతి కాస్త ఆగండి.

రెండు వైపుల తేడాకూ ఒకటే కారణం అయివుంటుందని నా అనుమానం. నీడిల్ కూర్చునే ఇత్తడి సీటు ఉంది కదా, స్పానర్ పెట్టి మర తిప్పి తీసేది. దాని కింద చిన్న వాషరు ఒకటి ఉంటుంది. పెట్రోలు తడికి రెండు వాషర్లు అంటుకుంటే ఒకటిలాగే కనిపిస్తాయి. మీ పళ్లెంలో అదే జరిగి, రెండూ కుడి సీటు కిందికి చేరాయనుకోండి. ఎడమవైపు వాషరు లేక పెట్రోలు సీటు మర సందులోంచి దొంగదారిన కప్పులోకి దిగుతుంది. నీడిల్ ఎంత బాగా మూసుకున్నా దానికి సంబంధం లేదు. పైగా సీటు లోపలికి జరగడం వల్ల నీడిల్ ఆలస్యంగా మూసుకుంటుంది. కుడివైపు రెండు వాషర్ల మందంతో సీటు బయటికి జరిగి, నీడిల్ ముందే మూసుకుని, కప్పులో మట్టం తగ్గుతుంది. తట్టినా ఆగలేదన్నారు కాబట్టి ఇటే మొగ్గుతున్నాను. నలుసు అడ్డం పడి ఉంటే తట్టినప్పుడు కాసేపైనా ఆగేది.

ఈ తప్పు నేనూ చేశాను లెండి. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకునే రోజుల్లో ఒక వాషరు కనిపించకపోతే, మా మేస్త్రి మురికి పెట్రోలంతా పాత బనీను గుడ్డలో నా చేతే వడగట్టించాడు. గుడ్డలో దొరకలేదు, నా చెప్పు అడుగున అంటుకుని ఉంది. అప్పటినుంచి ఎడమకొక డబ్బా, కుడికొక డబ్బా.

సీటు విప్పే ముందు ఒక పరీక్ష చేయండి. ఎడమ కార్బ్యురేటర్ దించి, పెట్రోలంతా ఒంపి ఆరబెట్టి, కప్పు తీసేయండి. పెట్రోలు వచ్చే ముక్కుకు శుభ్రమైన పైపు తగిలించి నోటితో ఊదండి. నిటారుగా పట్టుకుంటే గాలి పోవాలి. తలకిందులు చేస్తే ఫ్లోట్ బరువుకు నీడిల్ మూసుకుని గాలి ఆగిపోవాలి. ఆగకపోతే నీడిల్‌ను వేలితో మెల్లగా అదిమి మళ్లీ ఊదండి. అప్పుడూ గాలి పోతుంటే సీటు అంచు అయినా పాడై ఉండాలి, కింద వాషరైనా లేకపోయి ఉండాలి. సీటు మర దగ్గర చుక్క సబ్బునీళ్లు వేసి ఊదితే, అక్కడ బుడగ వచ్చిందా, వాషరు లేనట్టే.

గాలి పూర్తిగా ఆగిందంటే నా లెక్క తప్పు. అప్పుడు ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపి, లోపల పెట్రోలు కదులుతోందేమో వినండి. కప్పులో నిలబడి ఉండే సన్నటి ఓవర్‌ఫ్లో గొట్టం చీలినా ఇలాగే కారుతుంది. కప్పులో పెట్రోలు పోసి పాత పేపరు మీద ఉంచితే అదీ తేలిపోతుంది.

కుడివైపు సీటు కూడా విప్పి వాషర్లు లెక్కపెట్టండి. రెండు వైపులా ఒక్కో కొత్త వాషరు వేశాక, మీరు వంచిన నాలుకను సరిచేసి, రెండు ఫ్లోట్లనూ ఒకే ఎత్తుకు తెండి. కంటి అంచనా వద్దు, స్కేలు పెట్టి కొలవండి.

ఈపాటికి ఎడమ సిలిండరు కింద ఉండే క్రాంక్‌కేసులోకి పెట్రోలు దిగే ఉంటుంది. ఆరుబయట, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని, ఇగ్నిషన్, కాక్ రెండూ కట్టేసి, ప్లగ్గులు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టి పది పదిహేను కిక్కులు కొట్టండి. ప్లగ్గు రంధ్రంలోంచి చిమ్ముతుంది, మొహం దూరంగా పెట్టండి. పెట్రోలు లోపలి ఆయిలును కడిగేసి ఉంటుంది కనుక, ఒక్కో సిలిండరులో అర చెంచా టూటీ (టూ స్ట్రోక్) ఆయిలు పోశాకే ప్లగ్గులు బిగించండి.

నెమ్మదిగా ఐదారు కిలోమీటర్లు తిప్పి ప్లగ్గులు చూడండి. రెండూ కాఫీపొడి రంగుకు వచ్చాక నాన్నగారిని ఎక్కించుకోండి.

ప్రశ్న: నా పాత 100 సీసీ ఫోర్ స్ట్రోక్ బండికీ కార్బ్యురేటర్ కడిగాక ఇదే బాధ. తట్టితే ఆగుతుంది, మర్నాటికి మళ్లీ మొదలు.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీది నలుసేనమ్మా. ట్యాంకులోంచి తుప్పు వస్తోంది. ట్యాంకు కడిగించకుండా కార్బ్యురేటర్ ఎన్నిసార్లు కడిగినా అంతే. దానికంటే ముందు ఇంజన్ ఆయిలు స్టిక్కు తీసి వాసన చూడండి. పెట్రోలు కంపు కొట్టినా, మట్టం పెరిగినా ఆ ఆయిలు వెంటనే మార్పించండి, అప్పటిదాకా బండి తీయకండి.