డొడోమాకు బయల్దేరుతున్న మా పిల్లలకు

అనంతపురం

అమ్మాయీ, అల్లుడూ,

ప్రభువు నామమున మీ ఇద్దరికీ వందనాలు. మిమ్మల్ని సువార్త పనికి టాంజానియాలో డొడోమా పక్క పల్లెకు పంపుతున్నారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. నేనూ మీ మామా పదకొండేళ్లు బతికిన నేల అది. పెట్టెల్లో ఏం సర్దాలో చెప్పడానికి మీకు చాలామంది ఉంటారు. అక్కడ పొద్దున లేచింది మొదలు ఎలా బతకాలో నేను రాస్తాను.

మేం చేరిన కొత్తలో మీ మామ పొద్దున్నే చర్చి పనికి వెళ్లిపోయేవారు. నేను ఇంట్లో ఒక్కదాన్నే. ఆయన రాగానే ఏడ్చేదాన్ని, ఇన్ని రోజులైనా ఒక్కరూ మన గడప తొక్కలేదని. నిజానికి పక్కింటి ఆమె రోజూ వచ్చేది. వాకిట్లో నాలుగడుగుల దూరంలో నిలబడి "హోడీ" అనేది. కాసేపు ఆగి మళ్లీ "హోడీ" అనేది. ఎవరో ఎవరినో పిలుస్తున్నారనుకుని నేను కిటికీ తెర కూడా తీయలేదు. అక్కడ లోపలికి వచ్చే ముందు అలా పిలుస్తారనీ, "కరీబు", అంటే రండి, అని మనం బదులివ్వాలనీ నాకు తెలియదు. నెల దాటాక చర్చిలో ఇంగ్లీషు వచ్చిన టీచరమ్మ మెల్లగా చెప్పింది: "మీ పక్కింటామె బాధపడుతోంది, తను రావడం మీకు ఇష్టం లేదేమోనని." ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చినా నా గొంతు పట్టుకుంటుంది. మర్నాడు సాయంత్రం వాకిట్లో పీట వేసుకుని కూర్చున్నాను. ఆమె నోరు తెరవకముందే "కరీబు, కరీబు" అన్నాను. ఆమె నడుముకు కట్టుకున్న కాంగా గుడ్డ ముడి విప్పితే అందులో వేయించిన చెనిక్కాయలు. మన అనంతపురం చెనిక్కాయల వాసనే!

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మనం ఏదో ఇవ్వడానికి పోతున్నామనుకుని విమానం ఎక్కుతాం. మొదటి ఏడాది మీ పని ఇవ్వడం కాదు, పుచ్చుకోవడం. వాళ్ల మాట, వాళ్ల తిండి, వాళ్ల సాయం చేతులు చాపి తీసుకోండి.

మీరుండబోయే ఊరికి దగ్గర్లోనే కోంగ్వా అని ఉంది. 1947లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ వేలాది ఎకరాల్లో వేరుశనగ, అదే మన చెనిక్కాయ, వేయాలని ట్రాక్టర్లు దించింది. వానలు సరిగా పడవు, ఎండ తగిలితే ఆ నేల సిమెంటులా గట్టిపడుతుంది. 1951కల్లా మూటాముల్లె సర్దుకుని పోయారు. పువ్వు నుంచి వచ్చే ఊడ మట్టిలోకి దిగాలంటే నేల గుల్లగా ఉండాలని, కాయ పీకాలంటే నేలలో తడి పదును ఉండాలని మన పల్లెలో ఏ ముసలామెను అడిగినా చెబుతుంది. అక్కడి ముసలివాళ్లకూ తమ నేల సంగతి తెలుసు. వాళ్లను కూర్చోబెట్టి అడిగి ఉంటే అంత డబ్బు మట్టిలో కలిసేది కాదని మీ మామ ఆ దారిన వెళ్లిన ప్రతిసారీ అనేవారు. సువార్త పనికీ నేను అదే చెబుతాను. ముందు అడగండి.

అడగాలంటే భాష రావాలి. అల్లుడూ, ఇది నీకు గట్టిగా చెబుతున్నాను. నువ్వొక్కడివే స్వాహిలి క్లాసుకు పోయి, ఆమెను వంటింట్లో వదిలేయకు. మా ఇంట్లో జరిగిన పెద్ద పొరపాటు అదే. మీ మామ ఆరు నెలల్లో ప్రసంగం చేశారు, నేను రెండేళ్లయినా టమాటా బేరం ఆడలేకపోయాను. ఆ రెండేళ్లూ మేమిద్దరం పోట్లాడుకున్నది చాలావరకు ఇందుకే. క్లాసుకు ఇద్దరూ పోండి. పని ఆర్నెల్లు ఆలస్యమైతే కానివ్వండి, పంపిన సంఘం ఏమైనా అననీ.

భాష మీకు తొందరగానే వస్తుంది, భయపడకండి. ఇంగ్లీషువాళ్లకు అన్నిటికీ రైస్ ఒక్కటే మాట. మనకు వడ్లు, బియ్యం, అన్నం వేరు కదా, స్వాహిలిలోనూ అంతే: ఎంపుంగా, ఎంచేలే, వాలి. దుకాణాన్ని దుకా అంటారు. పెద్దవాళ్లు కనిపిస్తే "షికమూ" అనాలి, మీ పాదాలు పట్టుకుంటున్నాను అని దానికి అర్థం చెబుతారు. వాళ్లు "మరహబా" అనేదాకా ఆగండి. అంగడికి పోయి నేరుగా ఉల్లిగడ్డ ఎంత అని అడగొద్దు. మన ఊళ్లో "బాగుండావా, తిన్యావా" అన్నట్టే ఇంటి సంగతి, పని సంగతి అడిగాకే బేరం.

తిండికి ఇబ్బంది లేదు. ఉగాలి అంటే మొక్కజొన్న పిండి సంగటి. చేతులు కడుక్కోవడానికి ఆ ఇంటివాళ్లే చెంబుతో నీళ్లు పోస్తారు, వద్దనకండి. ముద్ద చేసి, బొటనవేలితో గుంట నొక్కి, అందులోకి కూర తీసుకుని తినాలి. ఎమ్లెండా అని జిగురుగా ఉండే ఆకుకూర పెడతారు. మొదటిరోజు గొంతు దిగదు. నెల తిరిగేసరికి అదే అడిగి వేయించుకుంటారు. చింతపండు, పప్పులు టౌన్లో దొరుకుతాయి. కారం మాత్రం మన ఇంటిదే తీసుకుపోండి.

గంటల లెక్క పొద్దు పొడిచాక మొదలవుతుంది. మన ఏడు వాళ్లకు ఒకటి. మీ మామ ఒక పెద్దాయన ఇంట్లో ప్రార్థన నాలుగింటికి అంటే సాయంత్రం వెళ్లారు. జనం మాత్రం పొద్దున పదికే వచ్చి, చూసి చూసి వెళ్లిపోయారు. ఎవరు టైమ్ చెప్పినా ఆరు కలుపుకోండి.

దోమతెర లేకుండా ఒక్క రాత్రీ పడుకోవద్దు. జ్వరమొస్తే ఆ రోజే రక్తం చూపించుకోండి, మాత్ర మింగి పడుకుంటే మలేరియా ఆగదు. పర్మిట్ మీద రాసిన పని తప్ప వేరే పనికి ఒప్పుకోవద్దు.

అమ్మాయీ, అక్కడ ఆడవాళ్లను పెద్దబిడ్డ పేరుతో ఫలానా బిడ్డ తల్లి అని పిలుస్తారు. నీకింకా పిల్లలు లేరు కదా, అందరూ అడుగుతారు. మన పెళ్లిళ్లలో అడగరా? నీ మీద ప్రేమతో అడుగుతున్నారనుకో. ఆ రాత్రి ఏడుపొస్తే మాత్రం మొగుడి దగ్గరే ఏడువు, దాచుకోకు. మీ అమ్మకు ముందే చెప్పు, ఇక్కడ పొద్దున ఆరైతే అక్కడ మూడున్నర అని. లేకపోతే టీ తాగుతూ రోజూ ఫోన్ చేసి నిన్ను నిద్ర లేపుతుంది.

ఇక్కడి సంఘాలు ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారని రాయమంటాయి. మొదటి ఏడాది ఆ లెక్క రాయకండి. ఎవరింట్లో భోంచేశారో, ఏ మాట నేర్చుకున్నారో రాయండి. 1969లో ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్, తర్వాత ఆయన భార్య అయిన ఆన్, పేదలకు సాయం చేయడానికి మన కరువు జిల్లాకు వచ్చారు. ఆయన స్పెయిన్ మనిషి, ఆమె ఇంగ్లండులో పుట్టింది. 2009లో ఆయన ఇక్కడే కన్నుమూశారు. ఆ రోజు మన పల్లెల్లో ముసలీముతకా ఎలా ఏడ్చారో నువ్వు చిన్నప్పుడు చూశావు. నలభై ఏళ్లు పట్టింది అందుకు. మీకూ టైమ్ ఉంది.

మీ నాన్న రోలు కూడా కట్టిస్తానంటున్నాడట, ఊరిబిండి పచ్చడి నూరుకోవడానికి. వద్దని చెప్పు. అక్కడ చాలా ఇళ్లలో నడుమెత్తు చెక్క రోలు ఉంటుంది, కీను అంటారు. చెనిక్కాయలు అందులోనే దంచుతారు. చేరిన వారంలోనే పక్కింటికి పోయి, వాకిట్లో నిలబడి "హోడీ" అని పిలిచి, అది అడిగి తెచ్చుకో.

మీ అత్త