నాణెం అంచు దగ్గర కథ మొదలుపెట్టు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ నవల తొలి మూడు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. 1696 నాటి లండన్‌ను ఎంచుకున్నందుకు సంతోషించాను. ఆధునిక విజ్ఞానమూ, ఆధునిక ధనవ్యవస్థా ఒకే ఊళ్లో, కొంతమేరకు ఒకే మనుషుల చేతుల మీదుగా రూపుదిద్దుకున్న కాలమది. అయితే కత్తియుద్ధానికి ఒక అధ్యాయం, న్యూటన్ సిద్ధాంతాలకు ఒకటి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకు మరొకటి కేటాయించావు. ఆ మూడింటినీ విడదీయవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందుగా ఒక వెండి షిల్లింగును నీ పాత్ర చేతిలో పెట్టు. సుత్తితో కొట్టి చేసిన పాత నాణేలకు అంచు సరిగా కుదిరేది కాదు కాబట్టి, మోసగాళ్లు చుట్టూ కొద్దికొద్దిగా కత్తిరించి, ఆ ముక్కలను కరిగించి అమ్ముకునేవారు. 1695 నాటికి చలామణిలో ఉన్న వెండి నాణేలు దాదాపు సగం బరువుకు దిగిపోయాయి. యంత్రం మీద అచ్చయిన నాణేలు నిండు బరువుతో ఉండేవి గనుక, జనం వాటిని దాచుకునేవారు, లేదా కరిగించి విదేశాలకు పంపేవారు. రొట్టె కొనబోయిన స్త్రీ ఇచ్చిన షిల్లింగును అంగడివాడు త్రాసులో వేసి, తల అడ్డంగా ఊపే సన్నివేశం ఒక్కటి రాస్తే, నువ్వు నాలుగు పేజీల్లో చెప్పిన సంక్షోభం పాఠకుడికి తానే అర్థమవుతుంది.

న్యూటన్‌ను ఆపిల్ చెట్టు కింద కూర్చోబెట్టకు. 53 ఏళ్ల వయసులో కేంబ్రిడ్జి వదిలి, లండన్ టవర్‌లోని టంకశాలకు వార్డెన్‌గా, అంటే పర్యవేక్షణాధికారిగా, వచ్చిన మనిషి నీకు కావాలి. దొంగనాణేల ముఠాలను పట్టుకోవడం ఆ పదవిలో భాగం. నిందితులనూ, సాక్షులనూ ఆయన స్వయంగా విచారించి వాంగ్మూలాలు కూడగట్టాడు. ప్రకృతి విషయంలో రుజువు లేనిదే ఒప్పుకోని ఆ బుద్ధే ఇక్కడ నేరస్థుల మీద పనిచేస్తున్నదని నీ కథ చూపాలి. టంకశాలలో అక్రమాలున్నాయని ఆరోపిస్తూ అందులోకే చొరబడాలని చూసిన దొంగనాణేల తయారీదారు విలియం చాలోనర్, 1699 మార్చిలో లండన్ వధ్యస్థలమైన టైబర్న్ దగ్గర ఉరికంబమెక్కాడు. ఇంతటివాడు చరిత్రలోనే ఉండగా, నువ్వు కల్పించిన ముసుగు మనిషి అవసరం లేదు.

ఆ తేదీ దగ్గర మాత్రం జాగ్రత్త. అప్పట్లో ఇంగ్లండులో సంవత్సరం అధికారికంగా మార్చి 25న మారేది కాబట్టి, ఆ ఉరి 1698 కిందే నమోదై కనిపిస్తుంది. పైగా వారి పంచాంగం ఆమ్‌స్టర్‌డామ్ కంటే పది రోజులు వెనుక నడిచేది. అక్కడ బయల్దేరిన ఉత్తరం, రాసిన తేదీ కంటే ముందు తేదీన లండన్ చేరవచ్చు. ఇది నీ గూఢచారికి ఎంత చక్కటి ఆయుధమో ఆలోచించు.

బ్యాంకు సంగతి క్లుప్తంగా చాలు. ఫ్రాన్సుతో యుద్ధానికి డబ్బు కావలసిన ప్రభుత్వానికి 12 లక్షల పౌండ్లు 8 శాతం వడ్డీకి అప్పిచ్చి, 1694లో అది పుట్టింది. మూడో అధ్యాయంలో వచ్చిపోయే ఈస్టిండియా కంపెనీ ఓడను మాత్రం వదలకు. కోరమండల్ తీరాన నూలుబట్టలు కొనడానికి వెండి అలాంటి ఓడల్లోనే వచ్చేది, మన మచిలీపట్నంలో కంపెనీ వర్తకస్థానం 1611లోనే వెలిసింది.

మొదటి అధ్యాయం తిరగరాసి పంపు. ఆ షిల్లింగు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో, ఎక్కడ ఎంత వెండి పోగొట్టుకుందో వేరే కాగితం మీద వరుసగా రాసి జతచేయి.

ఆశీస్సులతో,
మామయ్య