ఇల్లు ఖాళీగా ఉందని చాటేది మీ వాచీయే

సెలవులు దగ్గరపడితే చాలు, మారథాన్లకూ ట్రయాథ్లాన్లకూ (ఈత, సైకిలు, పరుగు కలిసిన పోటీలు) సాధన చేసే ఔత్సాహికుల ఉత్తరాలు ఈ శీర్షికకు గుట్టలుగా వచ్చి పడతాయి. ఉద్యోగం, పిల్లలు, చుట్టాలు అన్నీ చూసుకుంటూ, తెల్లవారకముందే లేచి పరిగెత్తే మనుషులు వీళ్లు. నాలుగు రోజులు దినచర్య తప్పితే కంగారు పడిపోతారు. ఆ కంగారులో పరుగును, గుండెను లెక్కగట్టే వాచీ చెప్పిందల్లా నమ్ముతారు, యాప్ అడిగిందల్లా ఇచ్చేస్తారు. అందుకే ఈసారి వాళ్ల ప్రశ్నలే తీసుకున్నాను. వాచీని ఫోనుకు ఎలా కలపాలి అని అడిగినవారు మన్నించాలి. ఆ సంగతి పెట్టెలో వచ్చిన కాగితంలో ఉంటుంది.

ప్రశ్న: సెలవులకు కుటుంబమంతా పది రోజులు వేరే ఊరు వెళ్తున్నాం. అక్కడా రోజూ పరిగెత్తి యాప్‌లో పెడతాను. ఇంటి చుట్టూ 200 మీటర్ల మేర మ్యాపులో కనిపించకుండా వలయం పెట్టుకున్నాను. అది చాలు కదా?

చాలదు. ఆ వలయం మీ గుమ్మాన్ని దాచుతుంది గానీ, మీరు గుమ్మంలో లేరన్న సంగతిని దాచదు. ఏడాది పొడవునా ఒకే పేటలో మొదలైన పరుగులు ఇవాళ వందల కిలోమీటర్ల అవతల మొదలయ్యాయంటే, చూసేవాడికి ఇంకేం కావాలి? పైగా మీలో చాలామంది పరుగుకు పేరు పెట్టేటప్పుడు ‘సెలవుల్లో మొదటి రోజు, ఇంకా తొమ్మిది ఉన్నాయి’ అని సంబరంగా రాస్తారు. తిరుగు ప్రయాణం తేదీ కూడా మీరే చెప్పేసినట్టు.

పోనీ, ఆ వలయమైనా గుమ్మాన్ని సరిగ్గా దాచుతుందా? ఇల్లే కేంద్రంగా గీసిన వలయం అనుకోండి. ఒకరోజు తూర్పుకు వెళ్లారు, ఒకరోజు ఉత్తరానికి, మరోరోజు పడమటికి. మ్యాపులో మీ దారి ప్రతిసారీ వలయం అంచు దగ్గర ఉన్నట్టుండి మొదలవుతుంది. అలాంటి చుక్కలు మూడు దొరికితే వాటి గుండా పోయే వృత్తం ఒక్కటే ఉంటుంది. దాని కేంద్రం మీ ఇల్లు. హైస్కూలు రేఖాగణితం చాలు. ఇది గ్రహించిన సంస్థలు కేంద్రాన్ని కొంచెం పక్కకు జరపడం మొదలుపెట్టాయి. 2022లో బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఉపాయం కూడా నిలవదని చూపించారు. యాప్‌లు దారిని దాచినా, పరుగు మొత్తం దూరాన్ని మాత్రం దాచిన భాగంతో కలిపే చూపిస్తున్నాయి. కనిపించే గీతను కొలిచి మొత్తంలోంచి తీసేస్తే, దాచిన దారి ఎంత పొడవో తేలుతుంది. ఆ పొడవుకు సరిపోయే వీధులను పటంలో వెతకడమే మిగిలిన పని. వాళ్ల ప్రయోగంలో ఇలా దాచిన చోట్లలో 85 శాతం వరకు పట్టుబడ్డాయి. వలయం చిన్నదైనకొద్దీ వెతికేవాడి పని తేలిక. మీది 200 మీటర్లు.

‘నన్నెవరు చూస్తారండీ, నేనేమైనా ప్రముఖుణ్నా’ అనేవాళ్ల కోసం ఒక పాత సంగతి. 2017 నవంబరులో ఒక పెద్ద వ్యాయామ యాప్ తన వాడుకరుల దారులన్నిటినీ కలిపి ఒక ప్రపంచ పటం విడుదల చేసింది. అందులో ఎవరి పేరూ లేదు, ఎవరి తేదీలూ లేవు. 2018 జనవరిలో ఒక ఆస్ట్రేలియా విద్యార్థి ఆ పటాన్ని పరిశీలించి, మనుషులు పెద్దగా తిరగని ఎడారి ప్రాంతాల్లో వెలుగుతున్న గీతలను బయటపెట్టాడు. అవి సైనిక స్థావరాల్లో సైనికులు పరిగెత్తిన దారులు. పేర్లు తీసేసిన పటమే అంత చెప్పింది. మీ ఖాతాలో పేరుంది, ఫొటో ఉంది, ఏ రోజు ఎన్ని గంటలకు బయటికి వెళ్తారో ఉంది. సైకిలు తొక్కేవారైతే దాని తయారీ, మోడలు, చక్రాల రకం కూడా ప్రత్యేకంగా ఒక గడిలో నింపి పెట్టి ఉంటారు. ఇంట్లో ఏముందో, ఇల్లెక్కడో, ఎప్పుడు ఎవరూ ఉండరో మూడూ ఒకేచోట దొరుకుతున్నాయి. ఆ గడిని ఖాళీ చేయండి. సైకిలు మోడలు తెలియనంత మాత్రాన మీ వేగం తగ్గదు.

ఇక చేయాల్సింది. బయలుదేరే ముందే, కొత్త పరుగులు మీకు మాత్రమే కనిపించేలా మార్చుకోండి. స్నేహితులకు చూపించాలని ఉంటే తిరిగి వచ్చాక తీరిగ్గా తెరవండి, పదిరోజుల నాటి పరుగుకు వచ్చే మెచ్చుకోళ్లేమీ తగ్గవు. అసలు మ్యాపునే చూపించకుండా దూరం, సమయం మాత్రమే చూపే వీలు చాలా యాప్‌లలో ఉంది. నాకు నచ్చే పద్ధతి అదే. అయితే ఇక్కడొక మెలిక ఉంది. సెట్టింగ్ మార్చితే సాధారణంగా అది ఇకమీదటి పరుగులకే వర్తిస్తుంది. పాతవి అలాగే బయట ఉంటాయి. వాటిని మార్చే మీట వేరేచోట, మూడు నాలుగు పేజీల లోపల ఉంటుంది. ఓపికగా వెతికి అదీ నొక్కండి. మీరు దాచుకున్నా, మీతో కలిసి పరిగెత్తిన బావగారు అదే పరుగును మీ పేరు జతచేసి అందరికీ కనిపించేలా పెడితే మీ శ్రమంతా వృథా. ఆయనకు కూడా చెప్పండి.

ఇంత చెప్పాల్సిన అవసరం అసలెందుకు వచ్చిందన్నదే నా కోపం. ఖాతా తెరిచిన రోజునే అన్నీ మూసి ఉంచి, కావలసినవాళ్లు తెరుచుకునేలా చేయడం సాంకేతికంగా చిటికెలో పని. చేయరు. జనం ఒకరి పరుగులు ఒకరు చూసుకుంటేనే యాప్ తెరుస్తారు, తెరిస్తేనే వ్యాపారం నడుస్తుంది. వాడుకరి ఇంటి తాళం సంగతి వాళ్ల లెక్కల్లోకి రాదు.

ప్రశ్న: ఏడాది చివర్లో ‘రోజుకో పరుగు’ సవాలు పెట్టే ఒక చిన్న యాప్‌లో చేరాను. నచ్చక తీసేశాను. నా పరుగులన్నీ నమోదయ్యే ప్రధాన యాప్ పాస్‌వర్డ్ కూడా మార్చాను. అయినా నా పరుగుల వివరాలతో ఆ సవాలువాళ్ల ఈమెయిళ్లు వస్తున్నాయి. ఎలా?

ఫోనులోంచి యాప్ తీసేస్తే ఫోనులోంచే పోతుంది. మీరు చేరిన రోజు ‘అనుమతించు’ అని నొక్కారు చూడండి, అప్పుడు ప్రధాన యాప్ ఆ చిన్న యాప్‌కు ఒక డిజిటల్ తాళంచెవి ఇచ్చింది. అది మీ పాస్‌వర్డ్ కాదు. అందుకే పాస్‌వర్డ్ మార్చినా చాలాచోట్ల అది పనిచేస్తూనే ఉంటుంది. ప్రధాన యాప్ వెబ్‌సైటులోకి వెళ్లి, అనుసంధానించిన యాప్‌ల జాబితా తెరిచి, అక్కడ రద్దు చేయాలి. ఆ జాబితా చూసినప్పుడు మీరే ఆశ్చర్యపోతారు. ఎప్పుడో ఒక పోటీకి పేరిచ్చినప్పుడు కలిపినవి, ఆహారం లెక్కలవి, నిద్ర లెక్కలవి, పేరు చూసినా గుర్తురానివి ఉంటాయి. గుర్తురానిదల్లా తీసేయండి.

అనుమతి అడిగే తెర మీద వరసగా గళ్లు ఉంటాయి. వాటిలో ఒకటి ‘ప్రైవేటు వ్యాయామాలు కూడా చూడనివ్వు’ అనే అర్థంలో ఉంటుంది. దానికి టిక్కు పెట్టారా, మీకు మాత్రమే కనిపించాల్సిన పరుగులూ, వలయంలో దాచిన దారీ కూడా ఆ చిన్న యాప్ సర్వరుకు చేరతాయి. పై ప్రశ్నకు చెప్పిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క టిక్కుతో కొట్టుకుపోతాయి. పెద్ద సంస్థకు కనీసం భద్రత చూసే ఉద్యోగులుంటారు. సెలవుల సవాలు కోసం ఎవరో సరదాగా కట్టిన యాప్‌ను, సవాలు ముగిశాక ఎవరు చూసుకుంటారు?

ప్రశ్న: నవ్వకండి. జ్వరం వల్ల, ఒక్కరోజూ మానకుండా పరిగెత్తిన నా 300 రోజుల వరుస తెగిపోతుందని, వాచీని మేనల్లుడి చేతికి కట్టి రెండు కిలోమీటర్లు పరిగెత్తించాను. వరుస నిలిచింది. కానీ అప్పటి నుంచి వాచీ చూపే నా గరిష్ఠ హార్ట్ రేట్, ఫిట్‌నెస్ అంకెలు అన్నీ తేడాగా ఉన్నాయి.

నవ్వాను. మీ వాచీలో ఉన్నది మీ వయసు, మీ బరువు. దానికి ఆ రోజు దొరికింది పదిహేనేళ్ల కుర్రాడి గుండె. గరిష్ఠ హార్ట్ రేట్‌ను తనంతట తానే సవరించుకునే ఏర్పాటు చాలా వాచీల్లో ఉంటుంది. కుర్రాడు చివర్లో దౌడు తీసి ఉంటాడు, వాచీ దాన్ని మీదిగా రాసుకుంది. దాంతో మీ సాధన మండలాలన్నీ, అంటే ఏ హార్ట్ రేట్ తేలికో ఏది తీవ్రమో చెప్పే హద్దులన్నీ, పైకి జరిగాయి. ఆ పరుగును తొలగించండి, గరిష్ఠ హార్ట్ రేట్‌ను పాత అంకెకు చేత్తో మార్చండి, ఆ తానే-సవరించుకునే ఏర్పాటును ఆపేయండి. తక్కిన అంచనాలు కొన్ని వారాల్లో దారిలో పడతాయి.

వరుస తెగిపోతుందా అని అడగకండి. తెగిపోతుంది. తెగిపోనివ్వండి.

జ్వరంతో ఉన్న మనిషి మంచం మీద పడుకుని ఇలాంటి ఉపాయం పన్నే స్థితికి తెచ్చిన డిజైన్‌ను ఏమనాలి? సెలవుల్లో ఈ పోరు మరీ ఎక్కువ. రెండు రోజులు ఆగితే ‘సామర్థ్యం కోల్పోతున్నారు’ అని వాచీ మణికట్టు మీద గుచ్చుతుంది. రాత్రి చుట్టాలతో కబుర్లు చెప్పి ఆలస్యంగా పడుకుంటే, తెల్లవారగానే ఎర్రరంగులో నిద్ర మార్కులు. ఆ అంకె వెనక ఉన్న లెక్క చూస్తే భయం పోతుంది. చాలా యాప్‌లు గీసే ఫిట్‌నెస్ గీత 42 రోజుల సాధనలో ఇటీవలి రోజులకు ఎక్కువ విలువ ఇచ్చి తీసిన సగటు, అలసట గీత ఏడు రోజుల సగటు. ఏడు రోజులు పూర్తిగా కాళ్లు చాపుకుని కూర్చుంటే ఆ సూత్రం ప్రకారం ఫిట్‌నెస్ గీత సుమారు 15 శాతం కిందికి దిగుతుంది. అది సూత్రం లక్షణం. మీ గుండె, కండరాలు ఎలా ఉన్నాయో ఆ సూత్రానికి తెలియదు. వాటిని అది కొలవనే లేదు.

శరీరాన్ని నిజంగా కొలిచినవాళ్లు ఏం చెప్పారో చూడండి. బాగా సాధన చేసినవాళ్లు పూర్తిగా మానేస్తే ఏమవుతుందో 1984లో ఒక ప్రసిద్ధ అధ్యయనం చూసింది. మొదటి మూడు వారాల్లో ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం తగ్గింది 7 శాతం. అంతకు మూడేళ్ల ముందు వచ్చిన మరో అధ్యయనంలో, వారానికి ఆరు రోజులు కష్టపడేవాళ్లు రెండు రోజులకు తగ్గించినా, తీవ్రత తగ్గించనందువల్ల ఆ సామర్థ్యం 15 వారాలపాటు నిలిచింది. అంటే సెలవుల్లో వారానికి రెండు మంచి పరుగులు తీస్తే మీరు పోగొట్టుకునేది పెద్దగా ఏమీ లేదు. ఇది తయారీదారులకు తెలియదనుకోను. విశ్రాంతి, జ్వరం, ప్రయాణం అని మూడు మీటలు పెట్టి, అవి నొక్కితే లెక్క ఆగేలా చేయడం అంత కష్టమా? కొందరు పెట్టారు కూడా, ఎవరికీ కనిపించని చోట. మీరు మాత్రం సెలవులు మొదలైన రోజునే నోటిఫికేషన్లు ఆపేసి, ఆ గీత చూడడం మానేయండి.

ప్రశ్న: చలి ఉదయాల్లో మెల్లగా పరిగెత్తుతున్నా వాచీ హార్ట్ రేట్ 175 చూపిస్తోంది. గుండె డాక్టరును కలవాలా?

ఆయాసం, నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఈ శీర్షికకు రాయడం మాని వెంటనే కలవండి. అవేమీ లేకపోతే ముందు వాచీని అనుమానించండి. అది చర్మంలోకి ఆకుపచ్చ కాంతి పంపి, రక్తప్రవాహంలో హెచ్చుతగ్గులు చూసి గుండెను లెక్కిస్తుంది. చలికి మణికట్టు దగ్గర రక్తనాళాలు కుంచించుకుపోతే దానికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అప్పుడు అడుగు అడుగుకూ చేతికి తగిలే కుదుపును గుండె లయగా పొరబడుతుంది. పరుగులో నిమిషానికి 160 నుంచి 180 అడుగులు మామూలే కాబట్టి 175 ఎక్కడినుంచి వచ్చిందో మీకే అర్థమవుతుంది. వాచీని మణికట్టు ఎముకకు కాస్త పైగా, బిగుతుగా కట్టి, పైన చొక్కా చేతులు కప్పండి. తీవ్రత లెక్కలు ముఖ్యమనుకుంటే, ఛాతీకి కట్టుకుని హార్ట్ రేట్ కొలిచే పట్టీ వాడండి. కట్టుకునే ముందు దాని లోపలి పలకలను తడపండి. పరుగయ్యాక సెన్సర్‌ను పట్టీ నుంచి విడదీయండి, లేకపోతే చెమట తడికి అది మేలుకునే ఉండి బ్యాటరీ తినేస్తుంది.

ప్రశ్న: కొత్త వాచీ కానుకగా వచ్చింది. పాతది తమ్ముడికి ఇచ్చాను. వాడి పరుగులు నా ఖాతాలో పడుతున్నాయి.

పడక ఏం చేస్తాయి? ఖాతా తీయకుండా ఇచ్చారు కదా. వాచీ తెరిచేవాడికి మీరు గుర్తుపెట్టుకున్న ఇంటి చోటు, అత్యవసర నంబర్లు, పాత పరుగులు దొరుకుతాయి. చెల్లింపుల కార్డు అందులో పెట్టి ఉంటే, దాన్ని కాపాడేది మీరు పెట్టుకున్న ఆ నాలుగంకెల పిన్ ఒక్కటే. ముందు మీ ఖాతాలోంచి ఆ వాచీని, కార్డును తొలగించండి. తర్వాత వాచీని ఫ్యాక్టరీ రీసెట్ చేయమనండి. ఫోను బ్లూటూత్ జాబితాలోంచి కూడా తీసేయండి. తమ్ముడే కదా అంటారేమో, రెండేళ్లు పోయాక తమ్ముడు దాన్ని ఎవరికి అమ్ముతాడో మీకు తెలియదు.

ప్రశ్న: సెలవుల పోటీకి వేరే ఊరు వెళ్లాను. మొదలయ్యే చోట వాచీ అప్‌డేట్ అయి, ఆ తర్వాత శాటిలైట్లు దొరకక పావుగంట తిప్పలు పెట్టింది. ఎవరి తప్పు?

ఇద్దరిదీ. పోటీ ఉదయం తనంతట తాను అప్‌డేట్ అయ్యే వాచీని డిజైన్ చేసినవాళ్లు ఎప్పుడూ పోటీలో నిలబడి ఉండరు. ఆటోమేటిక్ అప్‌డేట్‌ను ఆపకుండా వెళ్లింది మాత్రం మీరు. ఏ అప్‌డేట్ అయినా పోటీకి వారం ముందే వేసుకుని, ఒక్కసారైనా పరిగెత్తి చూసుకోండి.

శాటిలైట్ల సంగతి వేరు. అవి ఎక్కడున్నాయో ముందే తెలిస్తే వాచీ క్షణాల్లో పట్టుకుంటుంది. ఆ అంచనా సమాచారం ఫోను ద్వారా వస్తుంది, కొన్ని రోజులకు పాతబడిపోతుంది. వాచీని సొరుగులో పడేసి, ఊరు మారి, సింక్ చేయకుండా, అంటే ఫోనుతో కలిపి కొత్త సమాచారం ఎక్కించుకోకుండా, ఆన్ చేస్తే అది ఆకాశాన్ని మొదటినుంచీ వెతుక్కోవాలి. ఒక్కో జీపీఎస్ శాటిలైట్ తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి చెబుతుంది, అన్ని శాటిలైట్ల స్థూల జాబితా పూర్తిగా రావడానికి 12.5 నిమిషాలు పడుతుంది. మీ పావుగంట అలా పోయి ఉంటుంది. ముందురోజు రాత్రి సింక్ చేయండి, ఉదయం గోడలకూ గుంపుకూ దూరంగా నిలబడి సిగ్నల్ వచ్చేదాకా కదలకండి. అంత కుదురుగా నిలబడలేనంటారా, అయితే మొదటి కిలోమీటరు వాచీ ఎంత వంకరగా గీసినా నాకు మాత్రం రాయకండి.