చెవిలో హోరు: ఆస్పిరిన్ వల్లనా, ఇంజెక్షన్ల వల్లనా?

ప్రశ్న: మందులకు లొంగని క్షయకు మా నాన్నగారు వరంగల్‌లో అమికాసిన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నారు. ఈమధ్య చెవుల్లో హోరు వస్తోందంటున్నారు. గుండె కోసం వాడే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ దీనికి కారణమా?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: అమ్మా, ముందుగా అనుమానించవలసింది అమికాసిన్‌నే. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాల కొనలమీద, శబ్దానికి తెరుచుకునే సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. అమికాసిన్, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు ఆ రంధ్రాల గుండానే కణంలోకి చేరి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీసి, కణాన్ని చంపగలవు. మనుషుల్లో ఈ కణాలు మళ్లీ పుట్టవు. నష్టం కీచు శబ్దాలను గ్రహించే భాగంలో మొదలవుతుంది కనుక మాటలు చాలాకాలం బాగానే వినిపిస్తాయి. 8,000 హెర్ట్జ్‌ వరకే చూసే మామూలు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) కూడా తొలిదశలో బాగుందనే చూపవచ్చు. అందుకే అంతకంటే కీచైన శబ్దాలతో కూడా పరీక్ష చేయమని అడగండి.

ఆస్పిరిన్ లోపలి చెవిలోని బయటి వరుస రోమకణాల్లో ఉండే ప్రెస్టిన్ అనే ప్రోటీన్ పనిని అడ్డుకుని హోరు తెప్పించగలదు. అయితే అది ఎక్కువ మోతాదుల్లో కనిపించే ప్రభావం, మందు ఆపితే సాధారణంగా తగ్గిపోతుంది. 75 మిల్లీగ్రాములకు ఆ నింద వేయలేం, గుండె మందును మీ అంతట మీరు ఆపనూ కూడదు.

ఇంజెక్షన్లనూ అలాగే సొంతంగా మానేయకండి, కానీ హోరు సంగతి తర్వాతి ఇంజెక్షన్‌కు ముందే వైద్యునికి చెప్పండి. అమికాసిన్ మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి వాటి పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడాలి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్ వాడుతుంటే అదీ చెప్పాలి, అది ఈ చెవి నష్టాన్ని పెంచగలదు. నాన్నగారి తల్లి తరఫువారిలో ఎవరికైనా ఇటువంటి ఇంజెక్షన్ల తర్వాత చెవుడు వచ్చి ఉంటే తప్పక తెలపండి, ఎందుకంటే ఆ దుర్బలతను కలిగించే ఒక జన్యుమార్పు తల్లి ద్వారానే సంక్రమిస్తుంది.