నీ వ్యాసంలో రెండో పేజీ గురించి

చెల్లెమ్మకు,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. దేశాల అభివృద్ధి, ఆదాయాల్లో తేడాల గురించి తెలుగులో రాయాలని కూర్చున్నందుకే నాకు చాలా సంతోషం వేసింది. నా అభ్యంతరమంతా రెండో పేజీ మీదే.

'జినీ సూచిక భారత్‌కు 0.255, బ్రెజిల్‌కు సుమారు 0.52, కాబట్టి మన దగ్గర అసమానత సగమే' అన్నావు. జినీ అంటే అసమానతను 0 (అందరికీ సమానం) నుంచి 1 (అంతా ఒక్కరికే) దాకా కొలిచే అంకె. నువ్విచ్చిన రెండూ ప్రపంచ బ్యాంకువే. కానీ సర్వేల్లో బ్రెజిల్‌లో ఇంటికి ఎంత వచ్చిందని అడిగారు, మన దగ్గర ఎంత ఖర్చయిందని అడిగారు. కూలికెళ్లే ఇంట్లో వచ్చిందంతా బియ్యం, గ్యాస్, మందులు, పిల్లల ఫీజులకే సరి. నెలకు పది లక్షలు వచ్చే ఇంట్లో ఎంత ఖర్చుపెట్టినా బోలెడు మిగిలి, స్థలాలుగానో షేర్లుగానో మారుతుంది. ఆ మిగులు ఖర్చుల లెక్కలోకి రాదు. పైగా సర్వేకి వచ్చిన మనిషికి బాగా డబ్బున్న ఇళ్ల గేటు దాటడమే కష్టం. ఆదాయాన్నే లెక్కగట్టిన వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ మాత్రం 2022-23లో మన పై 1 శాతం మందికి మొత్తం ఆదాయంలో 22.6 శాతం దక్కిందంటోంది. అదీ పన్ను లెక్కలూ సర్వేలూ కలిపి వేసిన అంచనాయే. ఆ మాట కూడా రాయి.

ఇక అమెరికా ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ సంగతి. దేశం ఎదిగేకొద్దీ అసమానత ముందు పెరిగి, తర్వాత తగ్గుతుందన్న దాన్ని నువ్వు సూత్రం చేసేశావు. 1955లో ఆ వ్యాసం రాసినప్పుడు ఆయన ముందున్నవి ముఖ్యంగా అమెరికా, ఇంగ్లండ్, జర్మనీల లెక్కలు. అందులో బహుశా 5 శాతమే సమాచారం, 95 శాతం ఊహ అని ఆయనే రాశాడు. ఆ నిజాయితీ వల్లే నాకు ఆయనంటే అంత గౌరవం.

దక్షిణ కొరియాను ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు కథ అక్కడే ఉంది, తల్లీ! 1950 భూసంస్కరణ చట్టంతో సాగుభూమి దాదాపు ఏడున్నర ఎకరాలకు మించి ఉంచుకునే వీలు లేకపోయింది. కౌలురైతు ఏటా పంటలో 30 శాతం చొప్పున ఐదేళ్లు కడితే పొలం సొంతమయ్యేలా చట్టం రాశారు. ఎగుమతులూ పెద్ద ఫ్యాక్టరీలూ ఆ తర్వాత వచ్చాయి. అంత వేగంగా ఎదిగినా కొరియా బ్రెజిల్‌లా ధనికులు, పేదలుగా చీలిపోలేదు. భూమి ఒక్కటే కారణమనను, పిల్లల చదువు కూడా ఉంది. కానీ పరుగు మొదలయ్యేనాటికే చాలామంది కాళ్ల కింద సొంత నేల ఉంది.

ఆ పొలం దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. వచ్చే నెలలోపు పంపితే, ఎప్పటిలాగే పెన్సిల్ పట్టుకుని కూర్చుంటాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య