ఈగిల్‌కి జిగురు పట్టించే ముందు

చిట్టితల్లీ,

మీ నాన్న ఫోన్ చేసి నువ్వు ఈగిల్ మోడల్ చేస్తున్నావని చెప్పాడు. 1969లో చంద్రుడి మీద దిగిన ఆ లూనార్ మాడ్యూల్‌నే, 1/48 స్కేల్‌లో, లోపలి క్యాబిన్‌తో సహా చేస్తున్నావట. కిట్‌లో లేని భాగాలు రెసిన్ ప్రింటర్‌లో, అదే ద్రవ ప్లాస్టిక్‌ని గట్టిపరిచి ముక్కలు చేసే 3డి ప్రింటర్‌లో, నువ్వే తీసుకుంటున్నావట. వింటుంటే గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ రెసిన్ అన్న మాటే చెవిలో తిరుగుతోంది. ఫోన్‌లో చెబితే సగం విని "సరే పెదనాన్నా" అనేస్తావు, అందుకే రాస్తున్నాను.

ముందు నీ ఊపిరితిత్తుల సంగతి. చిన్నప్పుడు నీకు ఆయాసం వస్తే మీ అమ్మ రాత్రంతా భుజాన వేసుకుని తిరిగేది. నువ్వు మర్చిపోయుంటావు, మేం మర్చిపోలేదు. గట్టిపడని రెసిన్ చర్మానికి తగులుతూ ఉంటే కొందరికి ఎలర్జీ మొదలవుతుంది. ఒకసారి మొదలైతే ఆ తర్వాత కాస్త తగిలినా ఒళ్లు ఊరుకోదు. నైట్రైల్ గ్లోవ్స్ లేకుండా దాన్ని ముట్టుకోకు. ప్రింటర్‌ని పడుకునే గదిలో పెట్టకు. కిటికీ తీశానులే అని సరిపెట్టుకోకు, గాలి బయటికి పోయేలా ఫ్యాన్ ఉండాలి. గట్టిపడిన రెసిన్‌ని అరగదీసేటప్పుడు గరుకు కాగితాన్ని తడిపి రుద్దు, అప్పుడు పొడి గాల్లోకి లేవదు. ఇంకో మాట, దుమ్మును ఆపే మాస్క్ థిన్నర్ ఆవిరిని ఆపదు. రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ పట్టుకున్న రోజున ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ ఉండాల్సిందే. ముఖానికి అచ్చులు పడతాయి, అందంగా ఉండదు, పడనీ.

మామూలు పనులు నీకు తెలిసినవే. భాగాలు సబ్బునీళ్లతో కడుగు, బ్లేడు నీ వైపు లాక్కోకు, జిగురు పెట్టకుండా ఒకసారి కూర్చి చూసుకో, డీకాల్, అదే నీళ్లలో నానబెట్టి అతికించే బొమ్మ, వేసే చోటు నున్నగా మెరిసేలా ఉంచు. కిటికీలకు సూపర్ గ్లూ వాడకు, దాని ఆవిరికి ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది. అక్కడ మామూలు తెల్ల జిగురు చాలు.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఇంట్లో పుస్తకాల బీరువా మీద అపోలో వాళ్లని చంద్రుడి వైపు పంపిన సాటర్న్ 5 రాకెట్ మోడల్ ఉంటుంది చూడు, 1/144ది, దాదాపు 77 సెంటీమీటర్ల ఎత్తు. దాని మొదటి స్టేజ్ నడుమ దగ్గర ఒకచోట తెలుపు మరీ మందంగా, పాత గోడకు సున్నం మీద సున్నం కొట్టినట్టు ఉంటుంది. ఆ కథ మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

మాకు దొరికిన ఆ కిట్ పెట్టె మీద అపోలో 11 అని ఉంది. లోపలి కాగితంలో మాత్రం మొదటి స్టేజ్ రెండు ట్యాంకుల మధ్య, నిలువు గాడులు ఉండే ఇంటర్‌ట్యాంక్ భాగం దగ్గర, నల్లరంగు వేయమని ఉంది. మీ నాన్న పొల్లు పోకుండా అలాగే వేశాడు. వాడి మాస్కింగ్ ఎంత శుభ్రంగా ఉండేదంటే, నలుపూ తెలుపూ కలిసే చోట వేలితో రాస్తే అంచు తగిలేది కాదు. అంత చిన్న గాడుల మీద టేపు కింద నుంచి రంగు పాకకుండా చూడటం ఎంత కష్టమో నీకూ తెలుస్తుంది. తీసుకెళ్లి ప్రదర్శనలో పెట్టాం. ఒక పెద్దాయన వచ్చి చాలాసేపు చూసి, "పని బాగుంది బాబూ, కానీ ఈ రాకెట్ చంద్రుడి దగ్గరికి వెళ్లలేదు" అన్నాడు.

ఆయన అన్నది నిజమే. ఆ నలుపు 500ఎఫ్ అనే రాకెట్‌ది. దాన్ని ఎగరడానికి చేయలేదు. లాంచ్ ప్యాడ్, మోసుకెళ్లే క్రాలర్, ఇంధనం గొట్టాలు అన్నీ సరిగ్గా అమరుతున్నాయో లేదో చూసుకోవడానికి కెన్నెడీ స్పేస్ సెంటర్‌లో నిలబెట్టారు. 1966 మే 25న బయటికి తెచ్చారు. ఇంటర్‌ట్యాంక్ దగ్గర నలుపు ఎండను పీల్చి లోపల వేడి పెంచుతోందని తేలాక, ఎగిరే రాకెట్లకు అక్కడ తెలుపే వేశారు. కానీ కిట్లు తయారుచేసేవాళ్లకు మొదట్లో దొరికిన ఫోటోలు ఎక్కువగా 500ఎఫ్‌వే. అలా ఎప్పుడూ ఎగరని రాకెట్ రంగులు అపోలో 11 పేరుతో ఇంటింటికీ చేరాయి.

"పోనీలేరా, పేరు పలక మార్చి 500ఎఫ్ అని రాసేయి, ఒక్క తప్పూ ఉండదు" అన్నాను. వింటేనా! వాడికి అపోలో 11 కావాలి. ఆ రాత్రే నలుపు మీద తెలుపు కొట్టడం మొదలుపెట్టాడు. నలుపు అంత తేలిగ్గా దాగుతుందా? ఒక పూతకి బూడిదరంగు, ఇంకో పూతకి మాసిన తెలుపు. ఆరేదాకా ఆగే ఓపిక లేదు. తెల్లారేసరికి నలుపు పోయింది, దాంతోపాటు గాడులూ పూడిపోయాయి. గోరు పెట్టి అడ్డంగా గీస్తే మిగతా చోట్ల టకటకమని తగిలే గీతలు, అక్కడికి వచ్చేసరికి నున్నగా జారిపోయేవి. ఆ తర్వాత వాడు చాలా ఏళ్లు కిట్ ముట్టుకోలేదు. ఆ రాకెట్‌ని పారేయనూ లేదు. మొన్న నీ సంగతి చెబుతున్నప్పుడు వాడి గొంతు విన్నాను కాబట్టి ఇదంతా రాస్తున్నాను. ఆ రాకెట్ గురించి వాడిని వేళాకోళం చేయకు.

అందుకని నిన్ను అడుగుతున్నాను. ఏ వాహనం, ఏ రోజు, ఆ రోజున ఏ గంట? ఇది తేలకుండా స్ప్రూ నుంచి, అదే భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి, ఒక్క ముక్క కూడా కోయకు. ఒకే పేరుతో ఉన్న వాహనం కూడా ప్రతిసారీ ఒకేలా ఉండదు. కొలంబియా షటిల్ 1981లో రెండుసార్లు ఎగిరినప్పుడు పెద్ద ట్యాంకు తెల్లగా ఉంది. మూడోసారి, 1982లో, రంగు వేయడం మానేస్తే దాదాపు 270 కిలోల బరువు తగ్గింది. అప్పటినుంచి అది నారింజరంగే. ఇక అమెరికా తొలి వ్యోమగాములు వెళ్లిన మెర్క్యురీ క్యాప్సూళ్లు చూడు. షెపర్డ్ వెళ్లిన ఫ్రీడమ్ 7కి ఉన్నవి రెండు చిన్న గుండ్రటి కిటికీలు, గ్లెన్ వెళ్లిన ఫ్రెండ్‌షిప్ 7కి పెద్ద కిటికీ. పెట్టె మీద బొమ్మ చూసి ఇవేవీ నమ్మడానికి లేదు.

నీ ఈగిల్‌తో ఇంకో చిక్కు ఉంది. దాన్ని వెళ్లి కొలిచి రావడానికి లేదు. కింది సగం ఇప్పటికీ చంద్రుడి మీదే ఉంది, పై సగాన్ని చంద్రుడి చుట్టూ కక్ష్యలో వదిలేశారు. వాషింగ్టన్ మ్యూజియంలో నిలబడి ఉన్నది ఎల్ఎం-2 అనే ఇంకో లూనార్ మాడ్యూల్. అది భూమి దాటలేదు. నేల మీద పరీక్షలకు వాడి, తర్వాత ఈగిల్‌లా కనిపించేలా మార్చారు. చూడ్డానికి బాగుంటుంది, దాని ఫోటోలు ఎన్నైనా దొరుకుతాయి, అసలు ప్రమాదం అదే. నువ్వు నమ్మాల్సింది అపోలో 11 వాళ్లు తీసిన ఫోటోలనే, అవన్నీ నాసా ఎప్పుడో బయటపెట్టింది. విడిపోయాక, కక్ష్యలోనే ఉండిపోయిన కాలిన్స్ తన కమాండ్ మాడ్యూల్ కిటికీలోంచి (దాని పేరూ కొలంబియానే, షటిల్ కాదు) తీసినవి కొన్ని, దిగాక నేల మీద తీసినవి కొన్ని. ఈ రెండు రకాలనూ పక్కపక్కన పెట్టుకుని కాళ్లు చూడు.

కాళ్ల కింద వేలాడే సన్నటి ప్రోబ్‌లు ఉంటాయి, నేల తగలగానే క్యాబిన్‌లో దీపం వెలిగించేవి. అసలువి దాదాపు 1.7 మీటర్లు, నీ స్కేల్‌లో మూడున్నర సెంటీమీటర్లు. ఈగిల్‌కి ఇవి మూడే. నిచ్చెన ఉన్న ముందు కాలికి ఉండదు, దిగేవాళ్లకు అడ్డంగా పైకి పొడుచుకు వస్తుందేమోనని తీసేశారు. కిట్ నాలుగు ఇచ్చినా సరే, నువ్వు మూడే పెట్టు. కక్ష్యలో ఉన్న ఈగిల్ అయితే అవి తిన్నగా ఉంటాయి. నేల మీద ఉన్నదైతే పాదం కింద వంగిపోయి, నలిగి పడి ఉంటాయి. చంద్రుడి మట్టి మీద నిలబెట్టి ప్రోబ్‌లు తిన్నగా ఉంచిన మోడళ్లు ఎన్ని చూశానో! ఇంకొకటి. ఆర్మ్‌స్ట్రాంగ్ చాలా మెల్లగా దించాడు, కాళ్లు దాదాపు నొక్కుకోనేలేదు. అందుకే నిచ్చెన ఆఖరి మెట్టుకీ పాదానికీ మధ్య మూడడుగుల దాకా ఎడం ఉండిపోయింది. ఆ ఎడం చూపించు. బేస్‌తో పాటు గుంట అచ్చుపోసి ఇస్తే దాన్ని పూడ్చేయి, ఇంజిన్ కింద చెప్పుకోదగ్గ గుంట పడలేదు. నేల మీది దుమ్ము మాత్రం బయటివైపుకి ఊడ్చుకుపోయినట్టు ఉంటుంది.

గంట ఎందుకు అడిగానంటే, తలుపు తెరవకముందు అయితే నిచ్చెన పక్కన పరికరాల అర మూసి ఉండాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ గుమ్మం మీదికి వచ్చి రింగు లాగాకే అది కిందికి వాలింది, టీవీ కెమెరా ఉన్నది అందులోనే. తలుపు తెరిచి అర మూసి పెట్టావనుకో, అది ఆయన బయటికి పాకుతున్న కొద్ది నిమిషాలు మాత్రమే నిజం. నీకు ఆ కొద్ది నిమిషాలే కావాలంటే భేషుగ్గా చేసుకో, కానీ తెలిసి చెయ్.

ఈగిల్ కింది సగానికి చుట్టిన రేకు సంగతికి వద్దాం. బంగారు రంగు డబ్బా కొని కింది సగమంతా పూసేయకు. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది బంగారం కాదు, కాప్టన్ అనే పలుచటి పొర. వెనకవైపు అల్యూమినియం పూత ఉంటుంది, ముందునుంచి చూస్తే ఆ మెరుపు కాషాయం వైపు తిరిగిన పసుపులో కనబడుతుంది. కాబట్టి నువ్వూ అలాగే చెయ్. బాగా పలుచటి అల్యూమినియం రేకు తీసుకుని, దాని మీద పారదర్శకంగా ఉండే పసుపు, నారింజ రంగులు కలిపి పలచగా కొట్టు. ఆరాక నలపాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. రేకుని పిడికిట్లో పెట్టి నలిపితే పెద్ద పెద్ద మడతలు పడతాయి. అసలు వాహనం మీద 5 సెంటీమీటర్ల మడత నీ మోడల్‌పై ఒక్క మిల్లీమీటరు, అంతే. మెత్తటి గుడ్డ మీద పరిచి, వేలి కొసలతో కొంచెం కొంచెంగా ముడుస్తూ, మళ్లీ సాపు చేస్తూ పోవాలి. ఆ తర్వాత ఒక్కో పలక కొలతకి కోసి అతికించు. అతుకుల మీద సన్నటి టేపు పట్టీలు ఫోటోల్లో కనిపిస్తాయి, అవి మానకు. ఏ ముఖం మీద కాషాయం, ఏ ముఖం మీద నలుపు అన్నది ఫోటో చూసే నిర్ణయించు, నాలుగు ముఖాలూ ఒకేలా ఉండవు. ఫోటోలో నల్లగా కనబడే చోటు నిజంగా నలుపో, లేక చంద్రుడి మీది నల్లటి ఆకాశం రేకులో ప్రతిఫలించిందో, అదే పలకని ఇంకో కోణంలో చూశాకే తేల్చుకో.

విమానాల మోడళ్లు చేసి వచ్చినదానివి కాబట్టి నీ చెయ్యి ఊరుకోదు. మసి, మరకలు, పలకల సందుల్లో నల్ల వాష్ (పలచటి రంగునీళ్లు) వేయాలనిపిస్తుంది. వద్దు. ఈగిల్ వానలో నానలేదు, ఎండలో ఏళ్ల తరబడి నిలబడలేదు. ఒక్కసారే ఎగిరిన కొత్త వాహనం అది. పాదాల దగ్గర దుమ్ము చాలు.

ఇక క్యాబిన్. కోప్పడుతున్నానని అనుకోకు. ఆ తలుపు అసలు సైజే దాదాపు 81 సెంటీమీటర్లు, నీ మోడల్‌లో 17 మిల్లీమీటర్లు. కిటికీలు త్రికోణంగా, ఇంకా చిన్నవి. లోపల నువ్వు అతికించే ప్రతి స్విచ్చూ మూత పడ్డాక చీకట్లోకి పోతుంది. తలుపులోంచి టార్చి వేసి చూస్తే ఏం కనబడుతుందో అది మాత్రం శ్రద్ధగా చెయ్. కుర్చీలు పెట్టకు, వాళ్లు నిలబడే నడిపారు. కాదు, మొత్తం చేయాల్సిందే అంటావా, సరే, నీ వయసులో నేనైనా అదే అనేవాణ్ని. మూసే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకో. ఆ భాగాలన్నీ ప్రింటర్ నుంచే వస్తాయి కాబట్టి గ్లోవ్స్, ఫ్యాన్ మర్చిపోకు. మళ్లీ చెప్పానని విసుక్కోకు.

కక్ష్యలోనా, నేల మీదా అన్నది తేల్చుకుని నాకు రాయి. నేల మీద అయితే ప్రోబ్‌లకి పనికొచ్చే సన్నటి ఇత్తడి తీగ నా దగ్గర ఉంది. ప్లాస్టిక్‌వి వంచబోతే పుటుక్కుమంటాయి, తీగ అయితే నీ మాట వింటుంది. రెస్పిరేటర్ పెట్టుకున్న ఫోటో ముందు రావాలి. అది చూశాకే తీగ పంపిస్తాను.

మీ పెదనాన్న